అవ్వ పింఛను, బడిపిల్లల హాజరు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో, ఖరీఫ్ పంట చేతికొచ్చిందో పోయిందో తేలగానే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి బయలుదేరుతాయి. ఇక్కడ పని కోసం పోయే వలసను సుగ్గి అంటారు. మొదట పత్తి తీతకు, సంక్రాంతి దాటాక మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపూ, తెలంగాణ జిల్లాల వైపూ పోతారు. కొందరు ఉగాదికి తిరిగి వస్తారు, కొందరు ఎండలు ముదిరాక గాని రారు. ఆ ప్రాంతంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో నేను ఉపాధ్యాయుడిని. నవంబరు నుంచి మార్చి వరకు మా హాజరుపట్టీలో వరుసగా పడే గైర్హాజరు గుర్తులను చూస్తే ఎవరి పొలంలో వాన పడలేదో, ఎవరి ఇంట్లో అప్పు మిగిలిందో చెప్పవచ్చు.

కొన్నేళ్లుగా ఆ పట్టీలో ఒక మార్పు గమనిస్తున్నాను. తల్లిదండ్రులు సుగ్గికి పోయినా పిల్లలు బడిలో ఉండిపోతున్న ఇళ్లు పెరిగాయి. అన్ని ఇళ్లలోనూ కాదు. ఏ ఇళ్లలో పిల్లలు ఉండిపోతున్నారు, ఏ ఇళ్లలో ట్రాక్టరెక్కి పోతున్నారు అని ఒక్కొక్క ఇంటికీ వెళ్లి ఆరా తీస్తే, నాకు ఎక్కువసార్లు ఎదురైన సమాధానం ఒకటే: పిల్లలు ఉండిపోయిన ఇంట్లో పింఛను అందుకునే అవ్వ ఉంది. వృద్ధాప్య పింఛను ముసలివాళ్ల కోసం పెట్టిన పథకం. కాగితం మీద దానికీ చదువుకూ ఏ సంబంధమూ లేదు. కాని మా ఊళ్లో పిల్లలను బడిలో నిలబెట్టే విషయంలో చదువు పేరుతో వచ్చే డబ్బు కంటే ఈ డబ్బే ఎక్కువ పని చేస్తోందని నా నమ్మకం.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ ఇంటి పెద్దమ్మాయి మా బడిలో ఏడో తరగతి, తమ్ముడు నాలుగు, చిన్నది ఒకటి. నాలుగెకరాల నల్లరేగడి ఉంది, అంతా వర్షాధారమే. తండ్రి, తల్లి ఇద్దరూ సుగ్గికి పోతారు. ఆ అమ్మాయి రెండో తరగతి నుంచి ఏటా వాళ్లతో పాటే పోయేది. పొలం గట్టున పట్టాలు కట్టిన గుడారం దగ్గర చంటిబిడ్డను చూసుకోవడం, నీళ్లు మోయడం, పొద్దుగూకేలోపు పొయ్యి వెలిగించడం ఆమె పని. ఏప్రిల్‌లో తిరిగి వచ్చేసరికి తోటిపిల్లలు పాఠాలు ముగించి పరీక్షలకు కూర్చుంటుండేవారు. అలా మూడేళ్లు నడిస్తే నాలుగో ఏడు ఆ పిల్ల బడి వైపు చూడడానికే సిగ్గుపడుతుంది. ఏడు, ఎనిమిది తరగతుల దగ్గర మా పల్లెల్లో ఆడపిల్లలు బడి మానెయ్యడం, ఆ తరువాత ఏడాదికో రెండేళ్లకో పెళ్లి అయిపోవడం మొదలయ్యేది ఇక్కడే.

ఆ ఇంట్లో నాయనమ్మ ఉంది. పిల్లలు అవ్వ అంటారు, ఊరంతా అవ్వ అనే అంటుంది. అంతకుముందు సుగ్గి రోజుల్లో ఆమె ఒక్కతే ఇంట్లో ఉండేది. ఆమె తిండికి రేషన్ బియ్యమూ, కొడుకు వదిలి వెళ్లిన కాసిని జొన్నలూ, ఇరుగుపొరుగుల దయా ఆధారం. అలాంటి మనిషి దగ్గర ముగ్గురు పిల్లలను ఏ తల్లి వదిలి వెళుతుంది? పింఛను పెరుగుతూ వచ్చాక ఆ లెక్క మారింది. 2014 దాకా 200 రూపాయలుగా ఉన్న పింఛను ఆ ఏడు 1,000 అయింది, 2019 మొదట్లో 2,000 అయింది, అదే ఏడు జులై నుంచి 2,250 అయింది. అర్హత వయసు కూడా అప్పుడే 65 నుంచి 60కి దిగింది. తరువాత 2,500, 2,750, 2024 జనవరిలో 3,000 అయి, అదే ఏడు జులై నుంచి 4,000 రూపాయలు వస్తున్నాయి. ఇందులో కేంద్రం వాటా 80 ఏళ్ల లోపు వాళ్లకు నెలకు 200 రూపాయలే. దశాబ్దం దాటినా ఆ అంకె కదలలేదు. మిగతాదంతా రాష్ట్రం పెట్టుకునేదే. ఏ ప్రభుత్వం ఎంత పెంచిందని ఊళ్లో వాదులాడుకుంటారు. నేను ఆ వాదంలోకి పోను. పెంచిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో ఒకటి కదిలిందని మాత్రం చెప్పగలను.

రెండు వేలు దాటినప్పుడు అవ్వ మొదట ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న పిల్లవాణ్ని తన దగ్గర ఉంచుకుంది. మూడు వేలైన ఏడు పెద్దపిల్ల కూడా ఉండిపోయింది. నాలుగు వేలయ్యాక చిన్నది కూడా అవ్వ దగ్గరే ఉంది. నేను వాళ్ల ఇంటికి పోయినప్పుడు అవ్వ నాతో అన్నమాట ఇది: "మునుపు నన్ను ఇడిసిపెట్టి పిల్లోల్లను తీస్కొని పోతుండ్రి సారూ. ఇప్పుడు పిల్లోల్లను నాకు ఇడిసిపెట్టి పోతుండారు."

నాలుగు వేలతో నలుగురు ఎలా బతుకుతారని చదివేవాళ్లకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది, అందుకే కూర్చుని అడిగి రాసుకున్నాను. బియ్యం రేషన్‌లో ఉచితంగా వస్తాయి, కార్డులో ఉన్న ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోలు. పిల్లలకు మధ్యాహ్నం బడిలో భోజనం, గుడ్డు, చిక్కీ ఉంటాయి. కాబట్టి అవ్వ చూసుకోవలసింది పొద్దున, రాత్రి తిండి, సెలవురోజుల భోజనం. నూనె, బేడలు, ఉప్పు, చింతపండు, సబ్బులు, టీపొడి, చక్కెర కలిపి కిరాణాకు 1,700 దాకా అవుతుంది. జొన్నలు కొని మర పట్టించడానికి 400. పాలకు 450. కూరగాయలకు, వారానికొకసారి గుడ్లకు 500. అవ్వకు బీపీ ఉంది. మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు, అవి అయిపోయిన నెలలో బయట కొంటే 150. ఫోన్ రీచార్జి తప్పదు, రాత్రిపూట పిల్లలు తల్లితో మాట్లాడకపోతే చిన్నది నిద్రపోదు. కోడలి పొదుపు సంఘం కంతులో 500 అవ్వ కడుతుంది. ఈ లెక్కకు మించి ఆ ఇంట్లో ఏమీ మిగలదు. కోడలు గుంటూరు నుంచి అప్పుడప్పుడూ కిరాణా కొట్టు ఫోన్‌పేకు పంపే ఐదారు వందలు కలిస్తే గండం గడుస్తుంది.

ఇందులో ఆ పొదుపు కంతు ముఖ్యమైనది. కోడలు సుగ్గిలో ఉన్న నెలల్లో మునుపు ఆ కంతు ఆగిపోయేది. సంఘంలో ఒక్కరి కంతు ఆగితే మిగతా తొమ్మిదిమందికీ ఇబ్బందే, మళ్లీ బ్యాంకు అప్పు కావాలన్నప్పుడు ఆమె పేరు వెనక్కు పోయేది. అప్పుడు మిగిలే దారి ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. లేదా కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ముందస్తు అడ్వాన్సు. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవాలి, ఎంత ఇస్తే అంత తీసుకోవాలి, మధ్యలో బిడ్డకు జ్వరమొచ్చినా తిరిగి రాకూడదు. అవ్వ పింఛనులోంచి కంతు క్రమం తప్పకుండా పోతుండడంతో ఆ కోడలు రెండేళ్లుగా మేస్త్రీ అడ్వాన్సు తీసుకోలేదు. వెనక పిల్లలకు తిండి పెట్టి పోవడానికి అడ్వాన్సు అవసరం లేదు కాబట్టి భార్యాభర్తలు కూలి రేటు విచారించుకుని, నచ్చిన గుంపుతో, తీరికైనప్పుడు బయలుదేరుతున్నారు. ముసలామెకు ఇచ్చే నాలుగు వేలు వయసులో ఉన్న ఇద్దరు కూలీలకు బేరమాడే శక్తినిచ్చిందని ఏ నివేదికలోనూ రాయరు గాని, నేను చూసినంతలో ఇది ఆ డబ్బు చేసిన పనుల్లో పెద్దది.

కిరాణా కొట్టులో ఇంకొక మార్పు. మా ఊరి కొట్టులో అప్పు రాసే పొడుగాటి పుస్తకం ఒకటి ఉంది. సుగ్గి రోజుల్లో ఊళ్లో మిగిలినవాళ్లకు కొట్టతను అరువు ఇవ్వడానికి వెనకాడేవాడు, వాళ్లు ఎప్పుడు తీరుస్తారో అతనికే తెలియదు. ఇప్పుడు పింఛను ఉన్న ఇళ్లకు అడ్డు చెప్పడు. "పింఛనీ ఇల్లంటే బయం లేదు సార్, ఒకటో తేదీ పొద్దున ఎనిమిదింటికంతా దుడ్లు నా గల్లాలో ఉంటాయి" అన్నాడు నాతో. అంటే ఆ నాలుగు వేలు చేతికి రాకముందే పని మొదలుపెడుతున్నాయి. ఇరవయ్యో తేదీన నూనె అయిపోతే ఆ రాత్రి పొయ్యి ఆరిపోవడం లేదు. పేద ఇంట్లో ఆకలి నెల పొడుగునా ఒకేలా ఉండదు, నెలాఖరున ముదురుతుంది. బడిలో ఇది మాకు తెలుస్తుంది. మునుపు నెల చివరి వారంలో పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు ప్రార్థన సమయంలో నీరసంగా కూలబడేవాళ్లు.

అందుకే ఎంత ఇస్తున్నారన్న దానితో సమానంగా ఎప్పుడు ఇస్తున్నారు, ఎక్కడ ఇస్తున్నారు అన్నవి కూడా ముఖ్యమని నేను అంటాను. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటి గడప దగ్గరే ఇస్తున్నారు. అప్పట్లో వాలంటీర్లు ఇచ్చేవారు, 2024 జులై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇస్తున్నారు. ఒకటో తేదీ ఆదివారమో పండుగో అయితే ముందురోజే ఇచ్చేస్తున్నారు. పొద్దున్నే ఉద్యోగి ఫోనూ, వేలిముద్రల చిన్న పరికరమూ పట్టుకుని వస్తాడు. అవ్వ బొటనవేలిని కొంగుకు గట్టిగా రుద్ది పరికరం మీద పెడుతుంది. జీవితమంతా కలుపు తీసి, పత్తి తీసి అరిగిపోయిన ఆ వేలిని పరికరం మొదటిసారి ఎన్నడూ గుర్తుపట్టదు. వేళ్లు మార్చి మార్చి చూస్తారు, కుదరకపోతే ముఖం ఫోటో తీస్తారు. ఆ కాసేపూ పిల్లలు ముగ్గురూ గడప మీద నిలబడి ఆ తెర వంకే చూస్తుంటారు.

ఈ ఏర్పాటు తెగిపోతే ఏమవుతుందో 2024 వేసవిలో చూశాం. ఎన్నికల నియమావళి కారణంగా వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం మార్చి చివర ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయాల దగ్గర వరుసల్లో నిలబడ్డారు. మే నెలలో బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఖాతాల్లో వేశారు. డబ్బు అదే, మనుషులు వాళ్లే. కాని మా అవ్వ లాంటివాళ్లకు బ్యాంకు ఉన్నది మండల కేంద్రంలో. ఆటో చార్జీ పెట్టుకుని, ఎండలో పోయి, ఖాతా వాడక చాలాకాలమైంది, కాగితాలు మళ్లీ ఇవ్వాలని చెబితే తిరిగి వచ్చి, మరో రోజు ఎవరినో తోడు తీసుకుని పోయారు. ఆ రెండు నెలలూ కొట్టతను కొత్త అరువు రాయలేదు. ఎన్నికల సంఘం నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నేను చెప్పదలచింది ఒక్కటే: పేదవాళ్లకు నగదు ఇచ్చే పథకంలో ఆఖరి రెండు కిలోమీటర్లు కూడా పథకంలో భాగమే. జులై 1న పెరిగిన 4,000తో పాటు మూడు నెలల పెంపు బకాయి 3,000 కలిపి 7,000 రూపాయలు ఇంటికే వచ్చి ఇచ్చినప్పుడు, ఆ డబ్బుతో మా వీధిలో చాలామంది మొదట చేసిన పని కొట్టు బాకీ తీర్చడం.

పింఛను డబ్బు ఇంట్లో మనుషుల మధ్య వరసలను కూడా సర్దుతుంది. ముసలివాళ్లకు ముద్ద పెట్టడానికి లెక్క చూసుకునే ఇళ్లు పల్లెల్లో లేకపోలేదు. చేతిలో నాలుగు వేలున్న అవ్వను ఎవరూ అలా చూడరు. ఒక పొద్దు కూరలో ఉప్పు ఎక్కువైందని ఆమె కొడుకును కసురుకోవడం నేను విన్నాను. ఐదేళ్ల కిందట ఆమె గొంతు అంత పైకి లేవడం నాకు తెలియదు. అయితే దీనికి మరో ముఖమూ ఉంది. ఒకటో తేదీ సాయంత్రానికే తల్లి చేతిలోంచి లాక్కుని తాగేసే కొడుకులు ఉన్నారు. మా వీధిలోనే అలాంటి ఇల్లు ఒకటి ఉంది, ఆ ఇంటి పిల్లలు ఈ ఏడు కూడా సుగ్గికే పోయారు. డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఇక్కడ అంతా తేలుస్తుంది.

దూరదేశంలో ఒకరు ఇదే సంగతిని అంకెలతో చూపించారని తెలిసినప్పుడు నాకు మా అవ్వే గుర్తొచ్చింది. దక్షిణాఫ్రికాలో 1990ల మొదట్లో నల్లజాతి వృద్ధుల పింఛనును తెల్లవాళ్లతో సమానం చేశారు. ఆ కాలపు కుటుంబాల సర్వేను ఆధారం చేసుకుని ఎస్తర్ డఫ్లో ఒక అధ్యయనం చేశారు. అభిజిత్ బెనర్జీ, మైకేల్ క్రెమర్లతో కలిసి 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నది ఆమే. పింఛను అందుకునేది ఆడమనిషి అయిన ఇళ్లలో మనుమరాళ్ల బరువు మెరుగుపడింది. మగమనిషి అందుకునే ఇళ్లలో అలాంటి మార్పు కనబడలేదు. అదే దేశంలో క్వాజులు-నటాల్ ప్రాంతం మీద ఆన్ కేస్, మరో ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం మా ఊరికి ఇంకా దగ్గరగా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు పింఛను మొదలైతే వయసులో ఉన్నవాళ్లు పని కోసం బయటి ఊళ్లకు పోవడం పెరిగిందని, పిల్లలను చూసుకోవడానికి పింఛను ఉన్న పెద్దదిక్కు ఇంట్లో ఉండడం అందుకు ఒక ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. కోసిగి మండలంలో మాకు కళ్లముందు కనబడేదీ అదే.

ఉచితంగా డబ్బు ఇస్తే జనం సోమరులవుతారు, తాగుతారు అనే మాట మా టీ కొట్టు దగ్గరా, చదువుకున్నవాళ్ల దగ్గరా వింటూనే ఉంటాను. తాగుడు గురించి వేర్వేరు దేశాల 19 అధ్యయనాలను కలిపి చూసి డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా 2017లో ప్రచురించారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్లు వాళ్లకు తేలలేదు. మన దేశంలోనే, మధ్యప్రదేశ్ పల్లెల్లో 2011 నుంచి ‘సేవ’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలతో మొదలుపెట్టి తరువాత 300, 150 చేసి, ఏ షరతూ లేకుండా ఊరందరికీ ఇచ్చారు. ఆ పరిశోధనలో ముఖ్యపాత్ర వహించిన శరత్ దావల మన హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త. డబ్బు అందిన ఊళ్లలో తిండి మెరుగుపడింది, ఆడపిల్లల చదువు పుంజుకుంది, మేకలూ బర్రెలూ పెరిగాయి, కొందరు ఇతరుల దగ్గర కూలి తగ్గించుకుని సొంత చేలో పని పెంచుకున్నారు.

ఇక సోమరితనం మాట. మా అవ్వ పింఛను పెరిగాక మిట్టమధ్యాహ్నం ఎండలో కలుపుకు పోవడం మానేసింది. నిజమే. పొద్దున్నే లేచి ముగ్గురు పిల్లలకు నీళ్లు కాచి, రొట్టె కాల్చి, జడ వేసి, బడి గేటు దాకా వచ్చి పోతుంది. మధ్యాహ్నం నీడన కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తుంది. డెబ్బయ్యికి చేరువైన మనిషి ఎండలో పనికి పోకపోవడాన్ని సోమరితనం అనేవాళ్లతో నాకు మాట్లాడవలసింది ఏమీ లేదు.

చదువు పేరుతోనే వచ్చే డబ్బు ఉంది కదా, అది ఎందుకు ఇంత పని చెయ్యడం లేదని అడగవచ్చు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడిలో తల్లికి ఏడాదికి 15,000, ఇప్పటి తల్లికి వందనంలో చదువుకునే ప్రతి బిడ్డకూ అంతే. బడి నిర్వహణకు 2,000 మినహాయించి 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. 2025 జూన్‌లో 67 లక్షల మందికి పైగా పిల్లలకు ఇది వర్తించింది. ఇద్దరు పిల్లలుంటే 26,000 ఒకేసారి వస్తుంది, పేదింటికి అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు వచ్చిన జూన్ నెలలో మా ఊళ్లో విత్తనాలు, ఎరువులు అప్పు లేకుండా కొన్నవాళ్లున్నారు. ఇంటి పైకప్పు రేకులు మార్చినవాళ్లు, రెండు గొర్రెపిల్లలు కొన్నవాళ్లు, మూడు రూపాయల వడ్డీ బాకీ ఒక్కదెబ్బకు వదిలించుకున్నవాళ్లున్నారు. ఇవన్నీ మంచి పనులే. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ ఇచ్చిన నగదు మీద హౌషోఫర్, షాపిరో చేసిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. నెలనెలా ఇచ్చిన డబ్బు తిండి వైపు పోతే, ఒకేసారి ఇచ్చిన డబ్బు వస్తువుల మీదికి, ఆస్తి మీదికి పోయింది. కాని జూన్‌లో వచ్చిన 13,000 నవంబరులో పిల్లవాణ్ని ట్రాక్టరు ఎక్కకుండా ఆపలేదు. నవంబరు నాటికి అది గొర్రెగానో, రేకుగానో, ఎండిపోయిన పత్తిచేనుగానో మారిపోయి ఉంటుంది.

పైగా 75 శాతం హాజరు ఉండాలన్న షరతు ఒకటి. ఊళ్లో స్థిరంగా ఉండి పిల్లలను ఎలాగూ బడికి పంపే ఇళ్లకు ఈ షరతు అడ్డం కాదు. ఐదు నెలలు సుగ్గికి పోయే ఇంటి పిల్లలే ఆ 75 దగ్గర తప్పుతారు. వాన పడక వలస పోవలసి వచ్చినవాడికి మరుసటి ఏడు ఆ డబ్బు కూడా రాదు. షరతు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ఉపాధ్యాయుడిగా హాజరు శాతం లెక్కకట్టి పంపేది నేనే కాబట్టి, ఆ గడిలో అంకె రాసేటప్పుడు ఏ ఇంటి డబ్బు ఆగిపోతుందో నాకు ముందే తెలుస్తుంది.

పింఛను మీద ఇంత ఆధారం పెట్టుకోవడంలో ప్రమాదమూ ఉంది. ముగ్గురు పిల్లల చదువు ఒక ముసలామె ఊపిరి మీద నిలబడి ఉంది. భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే భార్యకు వెంటనే ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది, అది ఎంతో మేలు. కాని మా అవ్వ వితంతువు. ఆమె తరువాత ఆ ఇంటికి ఇంకెవరి పింఛనూ లేదు. ఆమె జబ్బుపడి వారం రోజులు ఆదోని ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్దపిల్ల బడి మాని ఇల్లు చూసుకుంది, తల్లి మిరప కోత వదిలి రావలసి వచ్చింది. ముగ్గురు పిల్లలను సాకే పని ఆ వయసులో తేలిక కాదు. రాత్రిపూట చిన్నదానికి జ్వరమొస్తే మోసుకుని పోయే సత్తువ ఆమెకు లేదు. ఇదంతా సంతోషంగా చేస్తుందని మనం అనుకోవడం మన సౌకర్యం కోసమే. ఇక అరవై నిండని అవ్వలున్న ఇళ్ల పిల్లలు, అవ్వే లేని ఇళ్ల పిల్లలు ప్రతి ఏడూ వెళ్లిపోతూనే ఉన్నారు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి గాని, అవి తెరిచేసరికి సగంమంది బండ్లెక్కి పోయి ఉంటారు. పత్తి తీతకు బయలుదేరే వారానికే అవి తెరిచి ఉండాలి.

నాకు తోచిన మార్గం ఒకటుంది. తల్లికి వందనం కింద ఇచ్చే 13,000ను, కావాలని కోరుకున్న తల్లులకు మాత్రం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలకు పంచి ఇవ్వాలి. ఒక బిడ్డకు నెలకు 2,166 రూపాయలు వస్తాయి. ఇద్దరు బిడ్డలున్న ఇంటికి 4,333, అంటే అవ్వ పింఛను కంటే కాస్త ఎక్కువే. ఆ డబ్బు తల్లి ఖాతాకు కాకుండా, తల్లి పేరు రాసిచ్చిన సంరక్షకురాలి చేతికి, పింఛను ఇచ్చే ఉద్యోగే ఒకటో తేదీన ఇంటికి వచ్చి ఇవ్వవచ్చు. కొత్తగా ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. ఏర్పాటు ఇప్పటికే ఉంది, మనుషులు ఉన్నారు, పరికరాలు ఉన్నాయి. ఒకేసారి కావాలనే తల్లులకు జూన్‌లోనే ఇచ్చెయ్యవచ్చు. విత్తనాల అవసరం ఎవరిదో, తిండి అవసరం ఎవరిదో మనకంటే వాళ్లకు బాగా తెలుసు.

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట అడిగి చూశాను. కొందరు జూన్‌లోనే కావాలన్నారు. ఇంట్లో అవ్వ లేని ఒక తల్లి, నాలుగేళ్లుగా ఇద్దరు పిల్లలనూ వెంట తీసుకుపోతున్న తల్లి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అందరూ లేచి పోతుండగా నా దగ్గరికి వచ్చి అడిగింది: "నెలనెలా ఇచ్చేటట్లుంటే మా చిన్నమ్మ దగ్గర ఇడిసిపెట్టి పోతా సార్. వొట్టి చేతులతో పిల్లోల్లను సూడమని ఎవుర్ని అడుగుదును? ఈ సుగ్గికే ఇస్తారా?"